మలివయసు నొప్పి: సంబాళించుకునే విద్య

(స్మారకోపన్యాస పాఠం)

నొప్పి స్వరూపం

మూడు నెలలు దాటినా వదలని నొప్పిని, తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ తిరగబెట్టే నొప్పిని వైద్యశాస్త్రం దీర్ఘకాలిక నొప్పి అంటుంది. అప్పటికప్పుడు పుట్టే నొప్పికి ఒక ప్రయోజనం ఉంది. వేడి గిన్నె తగిలితే చెయ్యి వెనక్కి తీయిస్తుంది. కాలు బెణికితే అది కుదుటపడేదాకా బరువు మోపనివ్వదు. దీర్ఘకాలిక నొప్పిలో ఆ ప్రయోజనం చాలావరకు తీరిపోయి ఉంటుంది. నెలల తరబడి నొప్పి సంకేతాలు అందుకున్న వెన్నుపాము, మెదడు క్రమంగా వాటికి అతిగా స్పందించడం మొదలుపెడతాయి. అప్పుడు చిన్న కదలిక, మామూలు ఒత్తిడి కూడా నొప్పిగానే తెలుస్తాయి.

రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించిన ద్వార సిద్ధాంతం ఈ అవగాహనకు పునాది వేసింది. ఒంట్లో పుట్టిన సంకేతం నేరుగా మెదడుకు చేరిపోదని, వెన్నుపాములో దాన్ని హెచ్చించే, తగ్గించే ఏర్పాటు ఉందని, మెదడు నుంచి దిగివచ్చే ఆదేశాలు కూడా ఆ ఏర్పాటును నడిపిస్తాయని వారు వివరించారు. సిద్ధాంతంలోని వివరాలు తర్వాత కొన్ని మారినా అసలు సంగతి నిలిచింది. భయం, నిద్రలేమి, దిగులు, ఒంటరితనం నొప్పిని పెంచుతాయి. ధైర్యం, పని, తోడు, కంటినిండా నిద్ర దాన్ని తగ్గిస్తాయి. అంటే నొప్పి ఎంత ఉండాలన్నది కీలు ఒక్కటే తేల్చదు.

అందుకే ఎక్స్‌రేలో, ఎంఆర్‌ఐలో కనిపించే అరుగుదలకూ అనుభవించే నొప్పికీ లెక్క కుదరదు. ఏ నొప్పీ లేనివారి వెన్నెముకలను స్కాన్ చేసిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో ఒక సమీక్ష వెలువడింది. అందులో 20 ఏళ్లవారిలో 37 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్కుల అరుగుదల కనిపించింది. రిపోర్టు చూసి ఇక ఇంతే అనుకుని మంచమెక్కే పెద్దలకు ఈ ఒక్క విషయం విడమరిచి చెప్పడం కూడా చికిత్సలో భాగమే.

నొప్పి వైద్యరంగానికి రూపమిచ్చినవారిలో మొదట చెప్పుకోవలసిన పేరు జాన్ బొనికా. ఆయన 1917లో ఇటలీలో పుట్టి అమెరికాలో పెరిగారు. కుస్తీలు పట్టి చదువు ఖర్చులు సంపాదించుకుని మత్తుమందు వైద్యుడయ్యారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనిక ఆస్పత్రిలో గాయపడినవారి మధ్య పనిచేశారు. ఒక్క వైద్యుడి వల్ల అయ్యే పని కాదని అప్పుడే గ్రహించి, పలు రంగాల నిపుణులు కలిసి నొప్పిని చూసే పద్ధతిని నెలకొల్పారు. నొప్పి మీద ఆయన రాసిన బృహద్గ్రంథం 1953లో వచ్చింది. 1973లో ఆయన చొరవతోనే అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం ఏర్పడింది. కుస్తీలో తగిలిన దెబ్బల వల్ల ఆయన జీవితమంతా తీవ్రమైన నొప్పులు భరిస్తూ, ఎన్నో శస్త్రచికిత్సలు చేయించుకుంటూ 1994లో కన్నుమూసేదాకా పనిచేశారు. నొప్పి పూర్తిగా పోకపోయినా బతుకు సాగుతుందనడానికి ఆయన జీవితమే సాక్ష్యం.

పెద్దవారిలో నొప్పి

మలివయసులో నొప్పికి కారణాలు అనేకం. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేవి మోకాలి కీళ్లవాతం, నడుంనొప్పి. మధుమేహం వల్ల అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు వస్తాయి. సర్పి పొక్కులు మాడిపోయాక కూడా ఆ చోట మంట నెలల పాటు మిగిలిపోవచ్చు. ఎముకలు గుల్లబారి వెన్నుపూసలు కుంగితే నడుం వంగిపోతుంది. తెలుగు నేల మీద ప్రత్యేకంగా చెప్పుకోవలసిన కారణం ఫ్లోరోసిస్. మన దేశంలో ఈ జబ్బును 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఆ తర్వాత నల్లగొండ, ప్రకాశం జిల్లాల పల్లెలు తరాల పాటు దాని బాధ పడ్డాయి. అక్కడి వృద్ధుల్లో వెన్నెముక బిగుసుకుపోవడం, కీళ్లు వంగకపోవడం ఫ్లోరైడు నీటి ఫలితం. నీరు మారితే జబ్బు ముదరడం ఆగుతుంది కానీ, గట్టిపడిన ఎముక మునుపటిలా కాదు. అలాంటివారికి నొప్పిని సంబాళించుకోవడం ఒక్కటే మిగిలిన దారి.

వృద్ధులు తమ నొప్పిని తక్కువగా చెప్పుకుంటారు. వయసుతో పాటు ఇవన్నీ మామూలేనన్న నమ్మకం, పిల్లలకు భారం కాకూడదన్న ఆలోచన, ఆపరేషన్ అంటారేమోనన్న భయం నోరు కట్టేస్తాయి. నొప్పి ఉందా అని అడిగితే లేదనేవారే కాళ్లు పీకుతున్నాయా, సలుపు ఉందా, పొద్దున లేవగానే బిగుసుకుపోతున్నాయా అని అడిగితే అవునంటారు. మతిమరుపు జబ్బు ముదిరినవారు మాటల్లో చెప్పలేరు. స్నానం చేయించేటప్పుడు ముఖం చిట్లించడం, మూలగడం, ఒంటి మీద చెయ్యి వేయనివ్వకపోవడం, అన్నం మానేయడం వారి నొప్పికి గుర్తులు. మాటల్లో చెప్పలేకపోయినంత మాత్రాన నొప్పి లేదని కాదని అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన నిర్వచనానికి జోడించిన వివరణలో స్పష్టం చేసింది.

స్వయం నిర్వహణ ఎలా రూపుదిద్దుకుంది

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో, బొనికా పనిచేసిన చోటనే, విల్బర్ట్ ఫోర్డైస్ అనే మనస్తత్వవేత్త 1960ల చివరి నుంచి ఒక విషయాన్ని నిశితంగా గమనించారు. నొప్పి వచ్చినప్పుడల్లా మందు, విశ్రాంతి, నలుగురి పలకరింపు దొరుకుతుంటే ఆ నొప్పి చుట్టూ రోజంతా అల్లుకుపోతుంది. దానికి విరుగుడుగా మందును, వ్యాయామాన్ని, విశ్రాంతిని నొప్పిని బట్టి కాక గడియారాన్ని బట్టి ఇవ్వాలన్నారు. నొప్పి తగ్గినా తగ్గకపోయినా మనిషి చేసే పనులు పెరగడాన్ని ఆయన మెరుగుదలగా లెక్కించారు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్, హాల్‌స్టెడ్ హోల్మన్ 1970ల చివర కీళ్లవాతం ఉన్నవారికోసం ఒక శిక్షణ రూపొందించారు. వారానికి ఒకసారి చొప్పున ఆరు వారాలు చిన్న బృందంగా కూర్చోవడం దాని పద్ధతి. నేర్పేవారు వైద్యులు కానక్కర్లేదు. అదే జబ్బుతో బతుకుతూ తర్ఫీదు పొందినవారే నేర్పుతారు. శిక్షణ పొందినవారిని నాలుగేళ్ల తర్వాత మళ్లీ పరిశీలించి 1993లో ఫలితాలు ప్రకటించారు. సగటున నొప్పి 20 శాతం, వైద్యుల దగ్గరకు వెళ్లడం 40 శాతం తగ్గాయి. ఆ నాలుగేళ్లలో జబ్బు ఆగలేదు, శారీరక వైకల్యం 9 శాతం పెరిగింది. అయినా బాధ తగ్గింది. మేలు పొందినవారిలో స్పష్టంగా కనిపించింది తాము దీన్ని నెట్టుకురాగలమన్న నమ్మకం. ఆల్బర్ట్ బందూరా 1977లో సిద్ధాంతీకరించిన ఆత్మసామర్థ్య భావనకు ఇది ఆచరణ రూపం.

తర్వాతి పరిశోధనలు ఒక హద్దును కూడా చూపించాయి. పాఠం చెప్పి పంపించేస్తే కలిగే మేలు స్వల్పం. క్రమం తప్పని వ్యాయామం, పక్కన నిలబడి చేయించే తోడు కలిసినప్పుడే ఫలితం చెప్పుకోదగ్గట్టు ఉంటుంది. కాబట్టి స్వయం నిర్వహణ అంటే పెద్దవారిని వారి మానాన వదిలేయడం కాదు. అది ఒకరు నేర్పవలసిన, ఒకరు కనిపెట్టి ఉండవలసిన విద్య.

నేర్చుకోవలసిన నైపుణ్యాలు

మొదటిది, చేయదగిన పనిని నిర్ణయించుకోవడం. నొప్పి పోవాలన్నది లక్ష్యంగా పెట్టుకుంటే రోజూ ఓటమే మిగులుతుంది. వచ్చే వారం సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున కాఫీ తాగాక రామాలయం దాకా నడిచి రావాలి అనుకుంటే అది చేయగలిగిన పని. ఏం చేయాలి, ఎంత, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్న నాలుగూ అందులో ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్ పద్ధతిలో ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతారు: ఇది చేయగలనన్న నమ్మకం సున్నా నుంచి పది వరకు ఎంత? జవాబు ఏడుకు తగ్గితే పథకాన్ని తగ్గిస్తారు. గుడి దూరమైతే వీధి మలుపు దాకా, మూడు రోజులు ఎక్కువైతే రెండు రోజులు. వారం తిరిగాక ఏమైందో బృందం ముందు చెప్పుకుంటారు. కుదరనివారికి అడ్డమొచ్చింది ఏమిటో అందరూ కలిసి ఆలోచిస్తారు.

రెండోది, పనిని విడగొట్టుకోవడం. కాస్త తెరిపి ఇచ్చిన రోజున ఇల్లంతా సర్దేసి, మర్నాటి నుంచి మూడు రోజులు పడుకోవడం నొప్పి ఉన్నవారిలో తరచూ కనిపించే అలవాటు. ఇలా జరిగిన ప్రతిసారీ చేయగలిగిన పని కాస్త కాస్త కుంచించుకుపోతుంది. దీనికి ఉపాయం ఉంది. వంటగదిలో నొప్పి పెరగకుండా ఎంతసేపు నిలబడగలరో మూడు నాలుగు రోజులు గడియారం చూసి రాసుకుని, సగటు తీసి, అందులో ఐదోవంతు తగ్గించాలి. సగటు ఇరవై నిమిషాలైతే పదహారు నిమిషాలు. అంత సమయం కాగానే బాగున్నా సరే కూర్చోవాలి, కాసేపాగి మళ్లీ లేవాలి. వారం గడిచాక ఒకటి రెండు నిమిషాలు పెంచాలి. బాగున్నప్పుడు ఆపడమే ఇందులో కష్టమైన భాగం. తోడున్నవారు గుర్తుచేయాల్సిందీ అప్పుడే.

మూడోది వ్యాయామం. మోకాలి నొప్పికి దీన్ని మించిన మందు లేదు. తొడ ముందుభాగపు కండరం బలంగా ఉంటే మోకాలి మీద భారం తగ్గుతుంది. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, ఒక కాలు నిటారుగా చాచి, ఐదు లెక్కపెట్టేదాకా నిలిపి, మెల్లగా దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు. ఇది అలవాటయ్యాక కుర్చీలోంచి చేతుల ఊతం తక్కువ చేసుకుంటూ లేచి కూర్చోవడం. చేసేటప్పుడు కాస్త నొప్పి రావడం సహజం. అది మర్నాటికల్లా ఎప్పటి స్థాయికి దిగిపోతే హాని లేదు, దిగకపోతే ఆ రోజు మోతాదు ఎక్కువైందని అర్థం. స్థూలకాయం ఉన్నవారికి ఇంకో మాట: ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

నాలుగోది, ఇంటినీ పరికరాలనూ ఒంటికి తగ్గట్టు మార్చుకోవడం. నేలమీద కూర్చుని లేవడం తెలుగిళ్లలో మోకాలికి పెద్ద పరీక్ష. కత్తిపీట బదులు బల్ల మీద చాకు, పూజైనా నమాజైనా ప్రార్థనైనా కుర్చీలో, గొంతుకూర్చునే దొడ్డికి బదులు కమోడ్ లేదా కమోడ్ కుర్చీ, స్నానాలగదిలో గోడకు పట్టుకునే కమ్మీ, నిండు బిందె బదులు రెండు విడతల్లో సగం సగం. చేతికర్ర నొప్పి ఉన్న కాలి వైపున కాదు, ఎదుటి చేతిలో పట్టుకోవాలి. నిటారుగా నిలబడి చెయ్యి వదులుగా వేలాడేసినప్పుడు మణికట్టు మడత దగ్గరకు కర్ర పిడి రావాలి. కింద రబ్బరు తొడుగు అరిగితే మార్చాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

ఐదోది కాపడం, నిద్ర, మనసు. బిగుసుకున్న కండరానికి పావుగంట, ఇరవై నిమిషాల కాపడం ఉపశమనమిస్తుంది. కానీ మధుమేహం వల్ల పాదాలు మొద్దుబారినవారు వేడినీళ్లలో కాళ్లు పెట్టకూడదు. కాలినా తెలియదు, ఆ బొబ్బే పుండై వేలు తీసేసేదాకా వెళ్లవచ్చు. పగటి కునుకు తగ్గించి, రాత్రి ఒకే వేళకు పడుకోవడం అలవాటైతే మర్నాటి నొప్పి తగ్గుతుంది. మెల్లగా, పొట్ట నిండేలా ఊపిరి తీసి వదలడం, ఒంట్లో ఒక్కో భాగాన్నీ బిగించి వదలడం, భజన, పాట, మనవలతో ముచ్చట్లు ధ్యాసను మళ్లిస్తాయి. నెలల తరబడి ఏడుపు, నిరాశ, బతుకు మీద విరక్తి కనిపిస్తే అది కుంగుబాటు. దానికి విడిగా చికిత్స ఉంది, అది తగ్గితే నొప్పి కూడా దిగుతుంది.

మందుల విషయంలో తెలివిడి

స్వయం నిర్వహణ అంటే సొంత వైద్యం కాదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలు పెద్ద వయసులో అత్యంత ప్రమాదకరం. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటివి రోజుల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడి నెత్తురు పోవచ్చు, బీపీ పెరగవచ్చు, గుండె బలహీనంగా ఉన్నవారికి ఒంట్లో నీరు చేరవచ్చు. టెల్మిసార్టాన్ వంటి బీపీ మాత్రతో పాటు మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర కూడా వాడేవారు వీటిని తోడు చేస్తే కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ప్రబలిన దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధికి మూలకారణం ఏదైనా, దెబ్బతిన్న కిడ్నీ ఉన్నవారికి ఈ బిళ్లలు విషంతో సమానం. ఒళ్లు వంచి పనిచేసి ఒళ్లు నొప్పులతో ఇల్లు చేరే ఆ ప్రాంతపు పెద్దలకు ఈ సంగతి అందరికంటే ముందు తెలియాలి.

డైక్లోఫినాక్ వంటి మందునే పైపూతగా వాడితే రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. అందుకే మోకాలికి, చేతివేళ్లకు జెల్ రాయడాన్ని వైద్య మార్గదర్శకాలు మాత్రల కంటే ముందు ఉంచుతాయి. పారాసిటమాల్ మిగతావాటికంటే భద్రమైనదే అయినా దానికీ హద్దుంది. 650 మిల్లీగ్రాముల బిళ్ల రోజుకు నాలుగు వేసుకుంటే 2,600 మిల్లీగ్రాములు అవుతుంది. జలుబు మాత్రలో, నొప్పి మాత్రలో కలిసి ఉన్న పారాసిటమాల్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. సన్నగా ఉన్నవారు, మద్యం తాగేవారు, కాలేయ జబ్బు ఉన్నవారు ఇంకా తగ్గించాలి. నరాల మంటకు ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్ మత్తు కలిగిస్తాయి. వాటితో రాత్రి లేచినప్పుడు తూలి పడితే తుంటి విరుగుతుంది.

ఊళ్లో సూది వేయించుకోగానే మూడు రోజులు హాయిగా ఉండటం, పేరు లేని పొడితో నొప్పులన్నీ మాయమవడం చాలామంది అనుభవం. కొన్ని సూదుల్లో, కొన్ని పొడుల్లో ఉండేది స్టెరాయిడ్. అది షుగర్ పెంచుతుంది, ఎముకలను గుల్ల చేస్తుంది, ముఖం ఉబ్బిస్తుంది. నెలల తరబడి వాడి ఉన్నట్టుండి మానేయడం కూడా ప్రాణాంతకం. అలా వాడినవారు ఆ సంగతి వైద్యుడికి దాచకుండా చెప్పాలి. ప్రతి ఆరు నెలలకోసారి ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వైద్యుడికి చూపించడం మంచి అలవాటు.

ఇంటివారి పాత్ర

ప్రేమతో చేసే కొన్ని పనులే నొప్పిని పెంచుతాయి. మీరు కూర్చోండి అత్తయ్యా, మేం చేసుకుంటాం అన్న మాటలో ఆప్యాయత ఉంది. కానీ ఏడాది పాటు అదే మాట విన్న మనిషి కాళ్లలో బలం మిగలదు, ఇంట్లో తన అవసరం లేదన్న దిగులు మాత్రం మిగులుతుంది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఆ కొద్ది రోజుల్లోనే కాళ్ల నుంచి దాదాపు కిలో కండ కరిగిపోయింది. పని మాన్పించడం కంటే పనిని వారికి తగ్గట్టు మార్చి ఇవ్వడం మేలు. కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలవడం, చెట్లకు చెంబుతో నీళ్లు పోయడం, మనవడిని బడి బస్సు దాకా దింపి రావడం వంటివి మందుతో సమానమైన పనులు. పొద్దున లేవగానే నొప్పి ఎలా ఉంది అని అడగడం కంటే ఇవాళ ఎంత దూరం నడిచారు అని అడగడం మంచిది. అదే సమయంలో నొప్పి అబద్ధమనో, అతి చేస్తున్నారనో అనడం క్రూరత్వం. నమ్మడం, కదిలించడం రెండూ కలిసి జరగాలి.

ఆలస్యం చేయకూడని గుర్తులు

కొన్ని నొప్పులను స్వయంగా సంబాళించే ప్రయత్నమే చేయకూడదు. కింద పడ్డాక మొదలైన నొప్పి, జ్వరంతో కూడిన నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవారిలో కొత్త నొప్పి, ఒక్కసారిగా వాచి ఎర్రబడి వేడెక్కిన కీలు వెంటనే చూపించవలసినవి. నడుంనొప్పితో పాటు కాళ్లలో బలం పోవడం, తొడల మధ్య మొద్దుబారడం, మూత్రం ఆగిపోవడం లేదా అదుపు తప్పడం కనిపిస్తే గంటల్లో ఆస్పత్రికి చేరాలి. ఛాతీ నొప్పికీ అంతే. ఒంటికి ఒక పక్కనే మంటతో పొక్కులు లేస్తే మూడు రోజుల్లోపు మందు మొదలుపెట్టాలి. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వంటి బలమైన మందులు, ఉపశమన వైద్యం అవసరమవుతాయి. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించింది అలాంటి మందులు రోగులకు అందడం సులువు చేయడానికే. ఆ నొప్పిని ఓర్చుకోమనడం అన్యాయం.

నేర్పేవారెవరు, కొలిచేదెలా

2011 జనగణన నాటికే దేశంలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. ఇందరికి నొప్పి నిపుణులు, ఫిజియోథెరపిస్టులు ఇంటింటికీ దొరకరు. కానీ ఆరు వారాల శిక్షణకు కావలసిన నిర్మాణం తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటికే ఉంది. పల్లె స్థాయి ఆరోగ్య కేంద్రాల సేవల జాబితాలో వృద్ధుల సంరక్షణ, ఉపశమన వైద్యం చేరాయి. ఆశా కార్యకర్తకు ప్రతి ఇంటి గడప తెలుసు. వారానికోసారి కూర్చుని, చెప్పినమాట చేశారో లేదో ఒకరినొకరు అడిగే అలవాటు స్వయం సహాయక సంఘాల మహిళలకు దశాబ్దాలుగా ఉంది. ఆ సంఘాల తొలి తరం సభ్యుల్లో ఎందరికో ఇప్పుడు అరవై దాటాయి. మోకాళ్ల నొప్పితో నెగ్గుకొస్తున్న అలాంటి ఒక మహిళకు తర్ఫీదు ఇస్తే, పదిమందిని కూర్చోబెట్టుకుని నేర్పగలదు. స్టాన్‌ఫర్డ్ పద్ధతి కోరేది సరిగ్గా అలాంటి గురువునే.

ఫలితాన్ని కొలవడానికి యంత్రాలు అక్కర్లేదు. 2009లో రూపొందిన మూడు ప్రశ్నల కొలబద్ద చాలు. గడిచిన వారంలో నొప్పి సగటున ఎంత? బతుకులోని సంతోషానికి అది ఎంత అడ్డు వచ్చింది? రోజువారీ పనులకు ఎంత అడ్డు వచ్చింది? ఒక్కోదానికి సున్నా నుంచి పది. నెలకోసారి అడిగి నోటుబుక్కులో రాస్తే మార్పు తెలుస్తుంది. మొదటి అంకె అలాగే ఉండి మిగతా రెండూ తగ్గినా ఆ శిక్షణ ఫలించినట్టే. మూడూ తగ్గకపోతే వ్యాయామం, మందు, నిద్ర, మనసు ఒక్కొక్కటిగా మళ్లీ పరిశీలించి పథకం మార్చాలి. ఈ పరిశీలన పెద్దవారి ఒక్కరి బాధ్యతగా కాక ఇంటివారు, ఆరోగ్య కార్యకర్త, వైద్యుడు పంచుకునే బాధ్యతగా సాగితేనే స్వయం నిర్వహణ అన్న మాట సార్థకమవుతుంది.